పచ్చలైట్ల డబ్బా

"ఇక వెతుకులాట ఉండదండీ," అన్నాడు టెస్టర్, మూతల మిషన్ పక్కన చిన్న ప్లాస్టిక్ డబ్బా బిగిస్తూ. జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉంటుంది కాబట్టి ఫ్యాక్టరీలో ఆ ఎలక్ట్రీషియన్‌కి అదే పేరు స్థిరపడిపోయింది.

మిషన్ నడిపే ఆమెకు ప్రాణం ఉసూరుమంది. అయినా ఏదో ఒకటి అడగాలి కాబట్టి, "ఎలా పనిచేస్తుంది?" అంది.

"మైక్రోకంట్రోలర్ అని ఒక చిప్పు ఉంటుంది. హీటర్లలో కరెంటు పారుతోందా లేదా అని అదే చూస్తూ కూర్చుంటుంది. ఏ హీటర్ కాలిపోతే దాని లైటు ఎర్రబడుతుంది. అంతే."

"అంటే మీరు కూర్చోనక్కర్లేదు."

"అక్కర్లేదు," అన్నాడు తలెత్తకుండా.

చిక్కంతా అక్కడే ఉంది. ప్లాస్టిక్ కరిగించే మిషన్ గొట్టం చుట్టూ పట్టీల్లా హీటర్లుంటాయి. ఒకటి కాలిపోయినా పైకి తెలియదు, మూతలు మాత్రం అంచులు తెగి పడతాయి. అప్పుడు టెస్టర్ వచ్చి, గొట్టం చల్లారేదాకా స్టూలు మీద కూర్చుని, తర్వాత ఒక్కో హీటర్‌కీ మీటరు పెట్టి చూసేవాడు. ఆమె టార్చి పట్టుకునేది. నలుగురిలో నోట్లో నాలుక లేనట్టుండే మనిషి, ఆ స్టూలు ఎక్కితే చాలు, కబుర్ల పుట్ట. తను పెంచే పావురాల గురించి చెప్పేవాడు. తను వండి మాడ్చిన కూరల గురించి చెప్పేవాడు. ఇంటికెళ్లి తలుపు తీస్తే పలకరించే దిక్కులేని ఆమెకు ఆ మాటలే తోడు. హీటర్ ఎప్పుడు కాలుతుందా అని ఎదురుచూసే ఆపరేటర్ లోకం మొత్తమ్మీద తనొక్కతే అయ్యుంటుందని ఆమెకు నవ్వూ వచ్చేది, దిగులూ వేసేది.

సూపర్‌వైజర్ వచ్చి, డబ్బా మీద వరసగా వెలుగుతున్న పచ్చలైట్లు చూసి మురిసిపోయాడు. "ఇదే ఆఖరుదిగా? అన్ని మిషన్లకీ నువ్వే తయారుచేశావంటే గొప్పే."

టెస్టర్ సామాను సర్దుకుని లేచాడు. "మీ టార్చిలో బ్యాటరీలు అయిపోవచ్చాయండీ. కొత్తవి వేసి ఉంచండి."

"ఇంకా టార్చి ఎందుకు?" ఎంత ఆపుకున్నా గొంతులో నిష్ఠూరం దాగలేదు.

అతను సామాను సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పక్కన బకెట్ల మిషన్ నడిపే అక్క అందుకుంది. "నిన్న నాకు ఎర్రలైటు వెలిగిందా, వచ్చాడు, మార్చాడు, పోయాడు. టీ తాగి వెళ్లవయ్యా అన్నా ఆగలేదు. భలే డబ్బాలేవే."

ఆమె పళ్లు బిగపట్టి మూతలు ఏరుకుంది. పొమ్మనలేక పొగబెట్టడం విన్నది గానీ, పచ్చలైట్లు పెట్టడం ఇప్పుడే చూస్తోంది.

భోజనాల గంట మోగింది. అక్క పిలిస్తే, "ఆకలిగా లేదు, నువ్వెళ్లు," అంది. అందరూ వెళ్లాక మిషన్ మెయిన్ ఆపి స్క్రూడ్రైవర్ తీసింది. ఒక్క వైరు ఊడదీస్తే చాలు. చిప్పు మూగబోతుంది. అతను మళ్లీ మీటరు పట్టుకుని స్టూలు దగ్గరకు రావాల్సిందే.

అంతలోనే సిగ్గేసింది. నీ డబ్బా దండగ అని సూపర్‌వైజర్ పదిమందిలో అంటే ఆ ముఖం ఎలా మాడిపోతుందో కళ్లకు కట్టింది. మనసుపడ్డ మనిషి పని చెడగొట్టి, ఆ మనిషినే పక్కన కూర్చోబెట్టుకోవాలా? అదేం ప్రేమ? స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది.

ఎదురుగా స్టూలు ఖాళీగా ఉంది. రేపూ అలాగే ఉంటుంది, ఎల్లుండీ అలాగే ఉంటుంది. ఆమె స్క్రూడ్రైవర్ మళ్లీ అందుకుంది.

"ఏమనుకోకండి," అని డబ్బాకే చెప్పుకుని, స్క్రూలు విప్పి మూత తీసింది.

లోపల చిప్పు లేదు, హీటర్ల నుంచి వచ్చిన తీగలూ లేవు. పచ్చలైట్లు వెలిగించే వైరొక్కటి తప్ప, డబ్బా అంతా ఖాళీ.