ధర్మేంద్ర చెవి

హెడ్‌ఫోన్ కొనడానికి వచ్చినవాడు పాట పెట్టి వింటాడు. ధర్మేంద్ర దగ్గు పెట్టి విన్నాడు.

శ్రీకాకుళంలో రమేష్‌బాబు కొట్టు. కౌంటరు మీద హెడ్‌ఫోన్లు పరిచి ఉన్నాయి. ధర్మేంద్ర ఒక్కొక్కటే తగిలించుకుని, ఫోన్లో రికార్డు చేసి తెచ్చుకున్న ఓ ముసలాయన దగ్గు, ఆయాసం, గొంతు సవరింపు శ్రద్ధగా వింటున్నాడు. పైగా కొట్లో ఉన్న పెద్ద స్పీకరు బాక్సును మోత మోగించమన్నాడు.

"ఇదేటి బావా?" అన్నాడు రమేష్‌బాబు.

"ఎంత మోతలోనయినా ఆయన ఊపిరి నాకు ఇనపడాల. బయట మోత లోపలికి రాకూడదు."

రమేష్‌బాబు వైరు లేనిది చూపించాడు. "ఇప్పుడందరూ ఇదే వాడతన్నారు."

"దీన్లో శబ్దం రవ్వంత ఎనక వస్తాది. నాకు ఆ రవ్వ కూడా ఉండకూడదు."

చివరికి చెవులు రెండూ కప్పేసి బుర్రను పట్టకారులా నొక్కే వైరు హెడ్‌ఫోన్ ఒకటి తీసుకున్నాడు. నాటకాలకు మైకులు కట్టేవాడికి ఇంత చాదస్తం దేనికని రమేష్‌బాబు నవ్వుకున్నాడు.

ఆ దగ్గు గణపతిరావుది. పద్యనాటకంలో రాజు వేషమంటే రెండు జిల్లాల్లోనూ ఆయనే. ఆయన రాగం తీస్తే జనం చెవి కోసుకునేవారు. అది ఒకప్పుడు. ఇప్పుడు గొంతు పోయింది. చెవులు కూడా కొంచెం మందగించాయి కాబట్టి, గొంతు పోయిన సంగతి ఆయనొక్కడికే తెలియదు. నిరుడు ఎచ్చెర్ల దగ్గర పద్యం మధ్యలో గొంతు చీలితే జనం నవ్వారు. తప్పంతా మైకుదేనన్నాడు. అన్నాడే గాని, నెల్లాళ్లు గుమ్మం దాటలేదు.

ఇప్పుడు నరసన్నపేటలో నాటకాల పోటీలు. మళ్లీ రంగు పూసుకుంటానని ఆయన పట్టు. భార్య దాలమ్మ ధర్మేంద్ర ఇంటికొచ్చి కూలబడింది.

"ఒరే ధర్మా, మీ బాబాయిని డాట్రు పాడొద్దన్నాడు. సెప్తే ఇంతాడేటి? ఈసారి కూడా నలుగురూ నవ్వితే ఆ మనిసి నాకు దక్కడు. నువ్వే ఏటో సెయ్యాల."

"నువ్వు ముందు వరసన కూకో పిన్నీ. నవ్వనివ్వను," అన్నాడు ధర్మేంద్ర.

నిజానికి ధర్మేంద్రకు ఆయన మీద అంత ప్రేమ ఉండనక్కర్లేదు. కుర్రతనంలో చిన్న వేషం ఇప్పించమని వెళ్తే, "నీ గొంతు పద్యానికి పనికిరాదురా, ఆ బాక్సులు సూసుకో" అని పదిమందిలో అన్నది ఈ బాబాయే. అప్పట్నుంచి బాక్సులే చూసుకుంటున్నాడు. ఆ మాట ఎప్పుడో మరిచిపోయానని అందరితోనూ చెబుతుంటాడు, ఎవరూ అడక్కపోయినా.

పోటీలు పెట్టింది ఒకప్పటి సినిమా హాల్లో. ఇప్పుడది కల్యాణ మండపం. సౌండ్ వాళ్లు ఎప్పుడూ జనం మధ్యే బల్ల వేసుకుని కూర్చుంటారు, హాల్లో ఎలా వినపడుతోందో తెలియాలి కాబట్టి. ధర్మేంద్ర మాత్రం మైకులన్నిటి శబ్దం పెంచి తగ్గించే తన మిక్సర్‌ను పైనున్న ప్రొజెక్టర్ గదిలోకి ఎక్కించాడు. కన్నానికి అద్దం బిగించాడు. మిక్సర్ పక్కన ఒక మైకు పెట్టుకున్నాడు. స్టేజీ వాళ్లకు కబురందించడానికన్నాడు. గణపతిరావు నిలబడే చోట, ఆయన గొంతు ఆయనకు బాగా వినపడాలంటూ పెద్ద బాక్సొకటి పెట్టించాడు.

"హాలు ఇనకుండా మిక్సింగేటి మావా?" అన్నాడు సంజయ్. వేరే నాటకానికి సౌండ్ అతనిది.

"హెడ్‌ఫోన్ ఉన్నాది కదా."

అదీ నిజమే. మిక్సర్‌లో మైకుకో బటన్ ఉంటుంది. అది నొక్కితే, హాల్లో వినపడినా పడకపోయినా ఆ మైకు చెవిలో వినపడుతుంది. ధర్మేంద్ర గణపతిరావు మైకు బటన్ నొక్కి తలుపేసుకున్నాడు. సంజయ్ ముక్కున వేలేసుకుని కిందికి దిగాడు.

తెర లేచింది. అడవి సీను వచ్చింది. గణపతిరావు చెయ్యెత్తాడు. ముందు వరసలో దాలమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది.

గొంతు చీలలేదు. రాగం లేచి హాలు పైకప్పుకు తగిలింది. దాలమ్మ కళ్లు తెరిచి, స్టేజీకేసి కాకుండా వెనక్కి తిరిగి పైనున్న అద్దంకేసి చూసింది. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

జనం వన్స్‌మోర్ అన్నారు. గణపతిరావు తన గొంతుకు తానే మురిసిపోతూ మళ్లీ అందుకున్నాడు. పైన ధర్మేంద్ర గబగబా ఫ్లాస్కులోంచి రెండు గుక్కలు వేడినీళ్లు తాగి, హెడ్‌ఫోన్‌ను చెవులకు అదుముకున్నాడు.

జనం ఇంకోసారన్నారు. ఈయనకు బుద్ధుంటే ఒప్పుకోడనుకున్నాడు ధర్మేంద్ర. గణపతిరావు ఒప్పుకున్నాడు.

ఉత్తమ గాయకుడి షీల్డు ఆయనకే వచ్చింది. ఈ వయసులో ఇంత గొంతు తాము చూడలేదన్నారు జడ్జీలు. "నిరుడు నవ్వినోళ్లెవులైనా ఉన్నారేటి ఇక్కడ?" అని ఆయన జడ్జీల చేతిలో మైకు లాక్కుని అడిగాడు. మాట బొంగురుగా వచ్చింది. పాపం, అంత పాడాడు కదా అనుకున్నారు జనం.

కిరీటం తీయకుండానే షీల్డు పట్టుకుని ప్రొజెక్టర్ గదికి ఎక్కాడు. వెనకే దాలమ్మ.

"ఒరే, నీకు గొంతు నేదని ఆనాడే సెప్పినాను. సెవి ఉన్నాదని ఇయ్యాల ఒప్పుకుంతన్నాను."

ధర్మేంద్ర హెడ్‌ఫోన్ తీసి మెడలో వేసుకున్నాడు. దాలమ్మ కొంగుచాటు నుంచి గ్లాసు తీసింది. వేడివేడి మిరియాల పాలు. గణపతిరావు చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతిని దాటుకుని గ్లాసు ధర్మేంద్రకిచ్చింది.

"పాడింది నాను. పాలు ఆడికేటే?" అన్నాడు గణపతిరావు.

ధర్మేంద్ర పాలు అందుకుని, పద్యం వచ్చినప్పుడల్లా సున్నాకి దించేసిన గణపతిరావు మైకు మీటను మెల్లగా పైకి జరిపి, ఆ పద్యాలన్నీ తాను పాడిన మైకును ఆపేశాడు.