గమ్ము సీసా మూత

గమ్ము సీసాను ఉమాశ్రీ ఎంత నొక్కినా చుక్క రాలేదు. నానక్‌రామ్‌గూడ ఆఫీసులో దీపావళి అలంకరణ పోటీ. ఇంకో గంటలో చూసేవాళ్లు వచ్చేస్తారు. థర్మోకోల్ ప్రమిదలన్నీ ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

"కొత్తది తెప్పించరాదా మేడం," అంది ఆఫీసు ఊడ్చే రుక్కమ్మ.

"టైం లేదమ్మా."

రుక్కమ్మ కాఫీ మెషీన్ దగ్గర వేడినీళ్లు పట్టుకొచ్చి, సీసాలో నాలుగు చుక్కలు పోసి పుల్లతో కలిపింది. "పైపైన గట్టిపడ్డది గంతే. లోపల మంచిగనే ఉంది. మూత పెడితే గిట్లయ్యేదా?"

"ఎవరు తీసి వదిలేశారో."

"జశ్వంత్ సారు. బతుకమ్మకు కాయితం పూలు అంటిస్తుండె. ఎప్పుడు వాడినా మూతి తుడిచి, గుండుసూది గుచ్చి, మూత బిగించేటోడు. ఆ దినం ఎవరో రెండు నిమిషాలు రమ్మంటే, గిప్పుడే వస్తనని పోయిండు. ఇగ లోపలికి రానియ్యలే. ఆయన బ్యాగు నేనే గేటు కాడ ఇచ్చొచ్చిన."

ఉమాశ్రీ ఒక ప్రమిదకు గమ్ము రాసి గోడకు అదిమిపట్టుకుంది. ఆ రోజు పిలిచింది తనే. ఉద్యోగంలోంచి తీసేయడానికి టీంలో ఒక పేరు చెప్పమంటే చెప్పిందీ తనే. అప్పుడూ ఏమీ అనిపించలేదు, ఇప్పుడూ లేదు. ప్రమిద అంటుకుంది.

బల్ల మీద ఫోన్ మోగింది. మేనేజర్. చేతులకు గమ్ము అంటిందని ఉమాశ్రీ స్పీకర్ నొక్కింది. "ఉమా, రెండు నిమిషాలు వస్తారా?"

"పోయి రా మేడం," అంది రుక్కమ్మ. "గంతలనే గమ్మేం ఎండదు."

ఉమాశ్రీ సీసా మూతి తుడిచింది. గుండుసూది వెతికి గుచ్చింది. మూత బిగించి, బ్యాగు భుజాన వేసుకుని బయలుదేరింది.