పోశయ్య గోలి

“బ్రదర్, జర ఈ గోలి నూరి పెట్టవా?”

ఎనిమిదో నంబరు మంచం దగ్గరి నుంచి వినోద పిలవగానే మహిపాల్ రాస్తున్న ఛార్టు అక్కడే వదిలేసి పరుగెత్తాడు. ఆ పిలుపు కోసం పొద్దుటి నుంచి చెవులు రిక్కించుకునే ఉన్నాడు.

హన్మకొండలోని ఆ ప్రైవేటు దవాఖానలో మగ నర్సులందరూ బ్రదర్లు, ఆడ నర్సులందరూ సిస్టర్లు. అది ఉద్యోగం పేరే తప్ప వరస కాదని మహిపాల్ తన మనసుకు ఎప్పుడో నచ్చజెప్పుకున్నాడు. తను మాత్రం వినోదను సిస్టర్ అనడం పది రోజుల కిందే మానేశాడు.

మంచం మీదున్నది ములుగు వైపు రైతు పోశయ్య. పక్షవాతం వచ్చి మింగలేకపోతున్నాడని ముక్కులోంచి గొట్టం వేశారు. ఏ మాత్రైనా నూరి, నీళ్లలో కలిపి అందులో పోయాల్సిందే. పొద్దున రెండు మాత్రలు. ఒకటి షుగరుకు. రెండోది ఫినాస్టిరైడ్, ప్రోస్టేటు వాపు తగ్గి మూత్రం సాఫీగా రావడానికి. షుగరు మాత్ర వినోదే నూరుతుంది, ఇన్సులిన్ సూదీ తనే వేస్తుంది. ఈ రెండో మాత్రకు మాత్రం మహిపాల్ రావాలి.

ఒకటి నూరిన చేయి ఇంకొకటి నూరలేదా? ఈ ప్రశ్న మహిపాల్‌కు పది రోజులుగా తిండి సయించనివ్వడం లేదు. జవాబూ తనే చెప్పుకున్నాడు. పిల్లకు తనతో మాట్లాడటానికి ఒక వంక కావాలి, పాపం!

నిమిషంలో అయ్యే పనిని అయిదు నిమిషాలు చేశాడు. వినోద నాలుగడుగుల దూరంలో మాస్కు సర్దుకుంటూ నిలబడింది. మందు గొట్టంలో పోసి, కల్వం కడిగే దాకా దగ్గరికి రాలేదు. బిడియమంటే ఇట్లా ఉండాలి, అనుకుని మురిసిపోయాడు.

“నువ్వు లేకపోతె నాకు మస్తు కష్టమయ్యేది, బ్రదర్.”

ఆ మాటకు మహిపాల్ కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంతలో ఆయా చాయ్ తెచ్చింది. వినోద తన కప్పు కూడా అతని ముందుకు జరిపి గబగబా బయటికి వెళ్లిపోయింది. తన వంతు చాయ్ మానుకుని మరీ అతనికిచ్చింది!

“ఏం బిడ్డా, ఆ పిల్ల మొకం జూసినవా?” అంది పోశయ్య భార్య చిలుకమ్మ, నవ్వుతూ. “పది దినాల సంది జూస్తాన. కళ మారింది.”

“నీకు గూడ ఎర్కైందా పెద్దమ్మా?”

“నా అసుంటి ముసల్దానికి ఎర్కగాదా? ఇంకొన్ని దినాలాగు, అందరికి ఎర్కైతది.”

మహిపాల్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పటికే అతను నయీంనగర్‌లో ఇద్దరికి సరిపోయే అద్దె ఇల్లు చూసొచ్చాడు. గాజులు, గొలుసులు డ్యూటీలో ఎవరికీ ఉండవు. బూట్ల లోపల మెట్టెలున్నాయో లేవో ఎవరికి తెలుసు? రోజూ ఆమెను బైకు మీద దింపిపోయే హెల్మెటు మనిషి అన్నో తమ్ముడో అయ్యుంటాడని తీర్మానించాడు. అడిగితే తేలిపోయేదే. కానీ తేలిపోవడం ప్రేమించినవాడికి ఎప్పుడు ఇష్టం?

రెండింటికి డ్యూటీ దిగుతుంటే ధైర్యం కూడగట్టుకున్నాడు.

“వినోదా, నిజం చెప్పాలె. ఆ ఒక్క గోలికే నన్నెందుకు పిలుస్తవ్?”

వినోద తల దించుకుంది. “చెప్పనీకి సిగ్గయితాంది. మా ఇంట్ల గూడ అప్పుడే ఎవలకు చెప్పొద్దన్నరు.”

ఇంట్లో కూడా తెలిసిపోయిందన్నమాట!

ఆమె బ్యాగులోంచి లావుపాటి ఫార్మకాలజీ పుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది. “నువ్వెట్లాగు సర్కారు నర్సు పరీక్షకు చదువుతానవ్ గదా. మూత్రం మందుల పాఠంల గుర్తు పెట్టిన. అక్కడ జూడు, సమజైతది. సిస్టర్లకు మాత్రం చెప్పకు.”

ఫార్మకాలజీ అంటే మహిపాల్‌కు మొదటి నుంచీ వణుకే. ఆ ప్రశ్నల దగ్గరే సర్కారు పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఈసారి మాత్రం ఆ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని బస్టాపు దాకా నడిచాడు. లోపల ఉత్తరం ఉంది. దాన్ని నడిరోడ్డు మీద విప్పబుద్ధి కాలేదు.

ఫోను మోగింది. తల్లి.

“కొడుకా, పరకాల సంబంధపోల్లు అవునో కాదో ఇయ్యాలనే చెప్పుమంటాండ్లు. లేకుంటె వేరే పిలగానికి మాటిస్తరట.”

“కాదని చెప్పమ్మా.”

“ఎందుకురా? పిల్ల మంచిగున్నదని ఫొటో దాసుకుంటివి!”

“అప్పుడు వేరు, ఇప్పుడు వేరు. ఈడ నాకోసం ఒక పిల్ల ఎదురుజూస్తాంది.”

“పక్కానా? మల్ల నన్ను బద్నాం జెయ్యవు గదా?”

“పక్కా.”

నిజానికి పరకాల పిల్ల అతనికి నచ్చింది. ఫోను పెట్టేశాక మనసు చివుక్కుమంది కూడా. పది నిమిషాల్లో తల్లి మళ్లీ ఫోను చేసి, వాళ్లు ఆ వేరే పిల్లగాడికి మాటిచ్చేశారని ఏడుపు గొంతుతో చెప్పింది. మంచిదే అనుకుని, ఫోనులోంచి ఆ ఫొటో తీసేసి బస్సెక్కాడు.

కిటికీ పక్కన సీటు దొరికింది. పుస్తకం విప్పి గుర్తున్న పేజీ తీశాడు. ఉత్తరం లేదు. పుస్తకాన్ని బోర్లించి దులిపినా ఏమీ రాలలేదు. ఫినాస్టిరైడ్ గురించి రాసిన చోట ఒకే ఒక్క వాక్యం కింద ఎర్ర సిరా గీత ఉంది.

“గర్భిణులు ఈ మాత్ర పొడిని ముట్టుకోరాదు.”