శుక్రవారం పసుపు

నందిగామలోని ఆ ఇంటి తలుపు సెన్సర్ బాగుచెయ్యడానికి భార్గవ జగ్గయ్యపేట నుంచి బస్సెక్కి రావడం ఇది నాలుగో శనివారం. నాణెమంత బ్యాటరీతో రెండేళ్ళు నడిచేలా తనే డిజైన్ చేశాడు. ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. తలుపు కదిలితే మేలుకుని, హాల్లోని వైఫై డబ్బా ద్వారా గరికపాడు ధాబాలో ఉండే ఇంటి యజమాని ఫోనుకి కబురు పంపుతుంది.

విప్పి చూస్తే లోపలంతా పసుపు.

"శుక్రవారం గడపకి పసుపు రాస్తూ దానికీ రాసేసానండి," అంది యజమాని భార్య గీతాంజలి.

భార్గవకి విసుక్కునే ఓపిక కూడా లేదు. "ఈసారి తలుపు పైన బిగిస్తానండి. అక్కడికి పసుపు అందదు," అంటూ స్టూలు లాక్కున్నాడు.

"కిందే ఉంచండి," అందామె మెల్లగా.

"మళ్ళీ పాడవుతుంది కదండీ."

"తలుపు తీస్తే చాలు, ఎవరొచ్చారు, ఎక్కడికెళ్తున్నావంటూ ఆయన ఫోను. నేనెక్కడికీ వెళ్ళనండి. వారానికొక్కరోజు తలుపు తీసిపెట్టుకుని మెట్టు మీద కూర్చుంటా. అంతే."

భార్గవ స్టూలు పక్కకి జరిపాడు. సెన్సర్‌ని గడప పక్కనే బిగించాడు. మూత స్క్రూ మాత్రం సగమే తిప్పాడు.