పీడీ సార్ శిష్యుడు

కాలేజీలో గ్రౌండే లేనప్పుడు పీడీ ఎందుకని అడిగాడు కరస్పాండెంట్ వెంకట్రాజం.

అడిగింది ఆటలు నేర్పే పీడీ రాంచందర్‌నే. గ్రౌండు ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు అందులో కాలేజీ బస్సులు ఆపుతున్నారు. టెన్నిస్ కోర్టుకు ముందు నెట్టు పోయింది. తర్వాత గీతలు పోయాయి. ఎండాకాలం హాస్టల్ వంటోళ్లు దాని మీద మిరపకాయలు ఆరబోస్తారు. రాంచందర్ చేసే ఆటల పనల్లా గేటు దగ్గర నిలబడి విజిల్ ఊదడం.

"ఈ నెల దాకా చేస్కో రాంచందర్. ఆ తర్వాత నీ తొవ్వ నువ్వు చూస్కో," అన్నాడు వెంకట్రాజం.

రాంచందర్‌కు యాభై దాటాయి. విజిల్ తప్ప ఇంకో విద్య రాదు. ఈ వయసులో కొలువు ఎవరిస్తారు?

మరునాడే, దేవుడు పంపినట్టు, పేపర్లో ఓ వార్త పడింది. జిల్లా పేజీలో, ఓ మూలకు. ఫొటో కూడా లేదు. 'వరంగల్ బిడ్డ మధు ప్రొఫెషనల్ టెన్నిస్ టూర్‌లో అడుగుపెట్టారు. కాలేజీ రోజుల్లో రాకెట్ పట్టి, యూనివర్సిటీ పోటీల్లో నెగ్గి, హైదరాబాద్‌లో శిక్షణ పొందారు. విదేశాల్లో చిన్న టోర్నీలు గెలుస్తూ ర్యాంకు తెచ్చుకున్నారు.' కింద కాలేజీ పేరు వేశారు. అది వీళ్ల కాలేజీయే.

ఈ మధు ఎవరో రాంచందర్‌కు ఎంతకీ యాదికి రాలేదు. ఫోన్లో మధు అని కొట్టాడు. ఒక బిర్యానీ సెంటరు, ఒక డీజే, ఒక పళ్ల డాక్టరు వచ్చారు. ఇంక చాలనుకుని పేపర్ పట్టుకుని కరస్పాండెంట్ రూముకు ఉరికాడు.

"సార్, మన మధుగాడు సార్! నేను తయారుజేసిన పోరడు!"

వెంకట్రాజం కళ్లద్దాలు తీశాడు. "నువ్వా?"

"నేనే సార్. వానికి బ్యాటు పట్టుడు సుత రాకుండె."

నిరుడే చేరిన లెక్కల సార్ సదానందం అక్కడే ఉన్నాడు. "బ్యాటు కాదే రాంచందరన్నా, రాకెట్టు," అన్నాడు.

"రెండూ పట్టించిన," అన్నాడు రాంచందర్, తడుముకోకుండా.

వెంకట్రాజానికి ఆట అక్కర్లేదు. అడ్మిషన్లు కావాలి. అప్పటికప్పుడు సన్మానం ఖాయం చేశాడు. పేపరోళ్లను అడిగి మధు మేనేజర్‌కు ఫోన్ కలిపాడు. ఆ మేనేజర్ మహా మర్యాదస్తుడు. "మధుగారు తప్పకుండా వస్తారండీ. ఆ కాలేజీ అంటే వారికి ప్రాణం," అన్నాడు.

ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. వెంకట్రాజం నిలువెత్తున నవ్వుతున్నాడు. పక్కన మెడలో విజిల్‌తో రాంచందర్. మధు ఫొటో ఏదని ఫ్లెక్సీ అతను అడిగాడు.

"మా ఇద్దరికే జాగ సాల్తలేదు. పేరు రాయి, సాలు," అన్నాడు వెంకట్రాజం. తర్వాత రాంచందర్ వైపు తిరిగాడు. "సభల నువ్వే మాట్లాడాలె. మంచిగ మాట్లాడినవా, స్పోర్ట్స్ డైరెక్టర్ నువ్వే. ఇజ్జత్ తీసినవా, గా రోజే ఆఖరు."

రాంచందర్ స్టాఫ్ రూములో ఉపన్యాసం సాధన మొదలుపెట్టాడు. మొదట్లో మధుకు ఆట మాత్రమే నేర్పాడు. తర్వాత బూట్లు కొనిచ్చాడు. ఇంకొన్నాళ్లకు ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టాడు.

"జర ఆగన్నా," అన్నాడు సదానందం. "గిట్లనే పోతే సభ నాటికి నువ్వే కన్నవంటవు."

"నవ్వు నవ్వు. డైరెక్టర్ అయినంక నీ సంగతి చెప్త."

సన్మానం రోజు హాలు కిటకిటలాడింది. బయట గేటు దాకా మైకులు కట్టారు. మధు కారు కాజీపేట దాటిందని ఫోన్ వచ్చింది. వచ్చేదాకా రాంచందర్‌ను మాట్లాడమన్నారు.

"మధు ఎట్లుండె తెలుసా? సన్నగ, పుల్ల లెక్క! అప్పుడప్పుడే మీసాలు మొలుస్తున్నయి. మంగలి దుకాణానికి తోల్కపోయి మొదటిసారి గడ్డం గీయించింది ఎవరు? నేను!"

చప్పట్లు.

"ఫోర్ హ్యాండ్ అంటరు. మనిషికి ఉన్నయి రెండే చేతులు. నేను వానికి నాలుగు చేతుల ఆట నేర్పిన!"

సదానందం కర్చీఫ్ నోట్లో కుక్కుకున్నాడు. పోరగాళ్లు ఈలలేశారు. ఈలలు వినగానే రాంచందర్‌కు పూనకం వచ్చింది.

"టోర్నమెంట్లకు పోతే రెండు రూములు తీసే గతి లేకుండె. ఒక్కటే లాడ్జి రూము. ఒక్కటే మంచం. ఒక్కటే దుప్పటి! ఆడి ఆడి తొడలు పట్టేసి వాడు ఏడుస్తాంటే, నూనె రాసి పిసికిన. గీ చేతులతోని! వాని ఒంటి మీద ఏ మచ్చ ఏడున్నదో ఇయ్యాల్టికీ నాకెరుకే!"

హాలు దద్దరిల్లింది. వెంకట్రాజానికి కళ్లు తడిశాయి. లేచి వచ్చి రాంచందర్‌ను గట్టిగా వాటేసుకున్నాడు. "డైరెక్టర్ సాబ్," అన్నాడు చెవిలో.

ఇంక రాంచందర్‌కు ఫికర్ లేదు. మైకు రెండు చేతులా పట్టుకున్నాడు.

"అబద్ధమైతే మధునే అడుగుండ్రి! అందరి ముంగట వానితోనే చెప్పిస్త! ఒక్కటే మంచం!"

ఆ మాట గేటు దాకా మోగింది. జనంలో చిక్కుకుని, అద్దాలు దించుకుని, ఆ మైకుల కిందే ఎంతసేపటి నుంచో ఆగి ఉన్న తెల్ల కారు మెల్లగా కదిలి హాలు మెట్ల ముందుకొచ్చింది.

వెంకట్రాజం దండ పట్టుకుని ఉరికాడు. "అగో, వచ్చిండు నా శిష్యుడు!" అని మైకులో అరిచి, చేతులు చాపుకుని వెనకాలే రాంచందర్ ఉరికాడు.

ముందు సీట్లోంచి మొగుడు, వెనక సీట్లోంచి అత్త దిగాక, జడ వెనక్కి వేసుకుంటూ మధు దిగింది.