అంతోనయ్య మాస్టారి ఎత్తు

ముత్యాలమ్మ జాతరలో అంతోనయ్య మాస్టారు చదరంగం బల్ల వేసుకుని కూర్చోవడం అది మూడో రోజు.

వెనక రెండు వెదురు బొంగులకు గుడ్డ బ్యానరు కట్టి ఉంది. 'అంతోనయ్య మాస్టారిని ఓడించండి, స్టీలు బిందె గెలుచుకోండి' అని దాని మీద ఎర్ర అక్షరాలు.

పినపాక చుట్టుపక్కల పాతికేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆశ్రమ పాఠశాలలో కోయ పిల్లలను కూర్చోబెట్టి సాయంత్రాలు చదరంగం నేర్పినవాడు. అలాంటివాడు ఇప్పుడు రంగులరాట్నానికీ సెల్‌ఫోన్ రీచార్జి కొట్టుకీ మధ్య గారడీవాడిలా కూర్చోవడం చూసి తెలిసినవాళ్లు నవ్వుకున్నారు. ఆయన తల దించుకుని పావులు సర్దుకున్నాడు.

ఎవరొస్తే వాళ్లతో ఆడాడు. ఆటోడ్రైవర్లు, బొగ్గుగని కార్మికులు, మణుగూరు నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్లు. ఎదుట కూర్చున్న మనిషి ముఖంలోకి ముందు ఒకసారి చూసేవాడు. ఆ తర్వాతే పావుల వైపు. పది నిమిషాల్లో ఆట కట్టించి, "ఇంకెవరు?" అనేవాడు.

పక్కనే చాయ్ అమ్ముకుంటున్న నాగక్కకు ఆయన్ని చూస్తే జాలేసింది.

"ఏంది సారూ, అందర్నీ గెలుస్తనే ఉన్నవు గని మొఖంల నవ్వు లేదు. పొద్దటి సంది చాయ్ గూడ ముట్టలే. పింఛన్ వస్తది గదా, నీకు గీ గోస ఎందుకు?"

మాస్టారు చల్లారిపోయిన గ్లాసు వైపు చూశాడు. "ఏం చేస్తం నాగక్కా" అన్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒకతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. బాగా గడ్డం పెరిగి ఉంది. మాస్టారు ముఖంలోకి చూశాడు. పోలిక దొరకలేదు. తెల్ల బంటును రెండు గళ్లు ముందుకు జరిపాడు.

అతను నల్ల గుర్రాన్ని గెంతించి, దాని మూతిని తన వైపు తిప్పి పెట్టుకున్నాడు.

అలా తిప్పి పెట్టుకునే పిల్లవాడు ఆయన పాతికేళ్ల నౌకరీలో ఒక్కడే.

"హేమ్లా..." అన్నాడు మాస్టారు.

"అవ్ సార్. బ్యానర్ మీద మీ పేరు చూసిన. మనసు ఆగలే. ఒక్క ఆట ఆడి పోదామని వచ్చిన."

ఎనిమిదో తరగతిలోనే మాస్టారిని ఓడించినవాడు హేమ్లా. వాడు పదిలో ఉండగా ఖమ్మంలో జిల్లా పోటీలు జరిగాయి. వెళ్లాల్సింది వాడే. కానీ వార్డెన్ బావమరిది కొడుకు పేరు రాసి పంపాడు మాస్టారు. ఆ రోజు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని, నూనె రాసుకుని తల దువ్వుకుని, హేమ్లా బస్సు దగ్గర నిలబడి ఉన్నాడు. బస్సు వెళ్లిపోయింది. వారం తిరక్కుండానే వాడు బడి మానేశాడు. మళ్లీ కనిపించడం ఇదే.

మాస్టారు చూపు బోర్డు మీదికి దించుకున్నాడు.

"ఆనాడు నేను చేసింది తప్పురా. నీ మొఖం చూడాలంటే సిగ్గయితుంది."

హేమ్లా నవ్వాడు. "గది ఇంకా మోస్తున్నరా సార్? నేనెప్పుడో మర్చిన. నా అసొంటోణ్ని పక్కన కూసోబెట్టుకొని ఆట నేర్పింది మీరొక్కలే. గది చాలు నాకు."

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ పావు ఎక్కడ పెడుతున్నాడో తెలియలేదు. ఒక ఏనుగు పోయింది. కాసేపటికి మంత్రి కూడా పోయాడు. జనం మూగారు.

"సారు దొరికిండు!" అని ఎవరో ఈల వేశారు.

మాస్టారు బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"ఆట ఆపేద్దాంరా. నువ్వు గెలిచినట్టే. బిందె తీసుకొని పో."

"ఓడిపోతున్నమనా సార్?"

"కాదు. ఎండ బాగ కొడుతుంది. నువ్వు పో."

"ఆట నడిమిట్ల లేచి పోవుడు మీరెన్నడన్న నేర్పిన్రా?"

ఇంకొక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ ఉన్న ముఖాల మీదుగా ఒకసారి చూపు తిప్పి, మాస్టారు దాన్ని మింగేశాడు.

ఆ తర్వాత ఒక్కో ఎత్తుకూ ఐదేసి నిమిషాలు తీసుకున్నాడు. చూసేవాళ్లు విసుక్కున్నారు. హేమ్లా మాత్రం విసుక్కోలేదు.

"మంచిగ ఆలోచించుకోండి సార్. నాకేం తొందర లేదు."

ఎంత సాగదీసినా బోర్డు మీద గళ్లు అరవై నాలుగే. నల్ల గుర్రం చివరి గెంతు గెంతింది.

"ఆట కట్టు సార్."

జనం చప్పట్లు కొట్టారు. నాగక్క గ్లాసు నిండా చాయ్ పోసి, "గెలిసినోని తాన పైసలు తీస్కోను, తాగు బిడ్డా" అంది. హేమ్లా బిందె వైపు చూడనైనా చూడలేదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, మాస్టారి కాళ్లకు దండం పెట్టడానికి వంగాడు.

అతని తల పాదాలకు ఆనుతుండగా, పోలీసుల దగ్గర ఒక్క ఫొటో కూడా లేని ఆ దళ కమాండరును గుర్తుపట్టించడానికి వాళ్లు చెప్పి పెట్టిన సైగ ప్రకారం, అంతోనయ్య మాస్టారు తెల్లరాజును బోర్డు మీద పడుకోబెట్టాడు.