కాకి ముట్టని ముద్ద

నాంచారమ్మ పోయిన రోజున, ఇంట్లో అందరి చెవుల్లోనూ ఉన్న ఎరుకపూసలు మనిషి గుండె ఎందుకు ఆగుతుందో విడమరిచి చెప్పాయి. ఒక్కరూ ఏడవకముందే అందరికీ అర్థమైపోయింది. అడిగిందల్లా చెప్పే ఆ పూస పెట్టుకోనిది ఆమె చెల్లెలు వకుళ టీచరు ఒక్కతే. పూసలు వచ్చాకే ఆమె బడి మూతపడింది.

పదో రోజున గోదావరి గట్టున పిండం పెట్టారు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి గాని ఒక్కటీ దిగలేదు.

“కాకి మనిషి ముఖాన్ని ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటుంది పిన్నీ,” అన్నాడు నాంచారమ్మ కొడుకు ధీరజ్.

“శనీశ్వరుడి వాహనం కూడానూ,” అంది కోడలు. “రోమువాళ్లు దాని అరుపుతో శకునం చూసేవాళ్లట.”

వకుళకు ఒళ్లు మండింది. “కాకి గొప్పలు కాకికి తెలుసులేవే. మీ అత్తకు తీరని కోరికేదో అది తీరుస్తామని దణ్ణం పెట్టండి, దిగొస్తుంది.”

ధీరజ్ చెవిలో పూస నొక్కుకున్నాడు. “ఈ జిల్లాలో ఆ వయసు ఆడవాళ్లలో ఎక్కువమందికి కాశీయే కోరికట. అమ్మా, నీ అస్థికలు కాశీలో కలుపుతాం!”

కాకులు కదల్లేదు.

“పోయింది ఎక్కువమంది కాదురా, మీ అమ్మ,” అని వకుళ అక్క మొగుడి వైపు తిరిగింది. “బావా, ఇన్నేళ్లు కాపురం చేశావు. అక్కకేం కావాలో నువ్వు చెప్పు.”

పానకాలు తడికళ్లతో చెట్టు వంక చూశాడు. తర్వాత మెల్లగా చెవి దగ్గరికి వేలు పోనిచ్చాడు.

వకుళ ఛీ అనబోయింది. అక్క కోరికేమిటో తనకూ తెలియదని గుర్తొచ్చి ఆగింది.

పొద్దు నడినెత్తికి వచ్చింది. నాంచారమ్మ కోరికేమిటో ఇంకా ఎవరూ చెప్పలేదు.